డిసెక్షన్ హాలులో పుస్తకమూ శరీరమూ

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో చదివే మూడు ప్రధాన సబ్జెక్టుల్లో ఎక్కువ గంటలు పట్టేది అనాటమీ. 2019లో దేశమంతటా అమల్లోకి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక దీనికి 675 గంటలు ఇచ్చింది. లెక్చర్లకు 220, డిసెక్షన్‌తో కలిపి చిన్న బృందాల బోధనకు 415, విద్యార్థి సొంత చదువుకు 40. నేర్చుకోవలసినదంతా 82 అంశాల కింద 409 సామర్థ్యాలుగా విడదీసి పెట్టారు. మైక్రోస్కోపులో చూసే కణజాల నిర్మాణం, గర్భంలో పిండం రూపుకట్టే తీరు, మెదడు నిర్మాణం కూడా ఇందులోనే వస్తాయి. అయితే సింహభాగం స్థూల నిర్మాణానిదే. అంటే కంటికి కనిపించేది, చేతికి తగిలేది, కత్తితో విడదీసి ఇదీ అని చూపించగలిగేది.

బయటివాళ్లకు అనాటమీ అంటే పేర్ల బట్టీ. పేర్లు వేలల్లో ఉన్న మాట నిజమే కానీ, అసలు చిక్కు వాటిలో లేదు, ఇరుగుపొరుగులో ఉంది. క్లాసులో దీన్ని రిలేషన్స్ అంటారు. ఒక అవయవానికి ముందేముంది, వెనకేముంది, పక్కనుంచి ఏ రక్తనాళం పోతోంది, ఏది దేన్ని దాటి వెళుతోంది అన్నది తెలియాలి. మణికట్టు ముందువైపు ఒక ఇరుకు సొరంగం ఉంది. అందులోంచి తొమ్మిది టెండన్లు, వాటితోపాటు మీడియన్ నర్వ్ అరచేతిలోకి వెళతాయి. సొరంగంలో వాపు వస్తే నలిగేది మెత్తనిదైన నర్వే. అప్పుడు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతాయి, చిటికెనవేలు మాత్రం బాగానే ఉంటుంది. దానికి స్పర్శనిచ్చే అల్నర్ నర్వ్ ఆ సొరంగంలోంచి కాక బయటినుంచి పోతుంది కనుక. ఈ ఒక్క పొరుగు సంబంధం తెలిసిన డాక్టరు రోగి ఏ వేళ్లు చూపిస్తున్నాడో చూసి జబ్బు పేరు చెప్పగలడు.

ఇలాంటివి ఒళ్లంతా ఉన్నాయి. పిరుదుకు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు పైన, బయటివైపు ఉన్న పావుభాగంలోనే ఎందుకివ్వాలంటే, కింద లోపలివైపు సయాటిక్ నర్వ్ పోతోంది. మోకాలి కింద బయటివైపు ఎముక మెడ దగ్గర చర్మానికి ఆనుకుని ఒక నర్వ్ చుట్టుకుని వెళుతుంది. కట్టు బిగించి కట్టినా, అక్కడ గట్టి దెబ్బ తగిలినా పాదం వేలాడిపోతుంది. కటిభాగంలో మూత్రనాళం గర్భాశయ ధమని కిందినుంచి దాటుతుంది. వంతెన కింద నీళ్లు అని విద్యార్థులకు గుర్తుండేలా చెబుతారు. గర్భసంచి తీసే ఆపరేషన్‌లో ధమనిని ముడివేయబోయి మూత్రనాళాన్ని ముడివేసే ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. బల్ల పరుపుగా ఉండే పుస్తకం పేజీలో ఇది ఎర్రగీత కింద పసుపుగీత, అంతే. లోతు, బిగువు, జారుడు, మధ్యలో అడ్డుపడే కొవ్వు బొమ్మలోకి ఎక్కవు. పుస్తకానికీ శరీరానికీ మధ్య ఉన్న ఈ ఎడమే అనాటమీ చరిత్రంతా నడిపించింది. ఈనాటి క్లాసుల్లో ఎడతెగని వాదన కూడా దీనిమీదే.

శవాన్ని చూసి నేర్చుకోవాలన్న మాట మన దేశంలో చాలా పాతది. సుశ్రుత సంహిత శారీరస్థానంలో దీనికి ఒక పద్ధతే చెప్పి ఉంది. విషంతో గానీ, దీర్ఘరోగంతో గానీ, మరీ ముసలితనంతో గానీ పోనివాడి దేహాన్ని తీసుకోవాలి. పేగుల్లో మలం తీసేయాలి. గడ్డితో చుట్టి బోనులో పెట్టి, పారే నీటిలో మరుగైన చోట ఏడు రాత్రులు నానబెట్టాలి. బాగా నానిన తర్వాత వట్టివేరు వంటివాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ, పొర తర్వాత పొర ఊడుతుంటే కళ్లతో చూడాలి. ఇందులో కత్తి లేదు. అందుకే ఎముకలు, కీళ్లు, కండరాల విషయంలో ఆ గ్రంథానికి ఉన్న పట్టు మెత్తని లోపలి అవయవాల విషయంలో కనిపించదు, అవి నానితే నిలిచేవి కావు. సుశ్రుతుడి లెక్కలో ఎముకలు 300, చరకుడి లెక్కలో 360. ఈనాటి లెక్క 206. పూర్వులు పొరబడ్డారని నవ్వనక్కర లేదు. వాళ్లు పళ్లను కూడా ఎముకలతో కలిపి లెక్కపెట్టారు. చరకుడి లెక్కలో గోళ్లు కూడా ఉన్నాయి. అప్పుడే పుట్టిన బిడ్డలో ఎముకలు 206 కంటే చాలా ఎక్కువ, పెరిగేకొద్దీ అతుక్కుని తగ్గుతాయి. ఎముకల సంఖ్య ఎంత అన్న ప్రశ్నకు జవాబు, దేన్ని ఎముక అంటారన్న దానిమీద కొంత ఆధారపడే ఉంటుంది.

గ్రీకుల వైపు, క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హీరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ మనుషుల దేహాలనే కోసి చూశారు. తర్వాత ఆ దారి మూసుకుపోయింది. రెండో శతాబ్దపు గేలెన్‌కు దొరికినవి కోతులు, పందులు, పశువులు. మహా పరిశీలకుడే అయినా, జంతువుల్లో చూసినదాన్ని మనిషికి అంటగట్టాడు. మెదడు అడుగున పశువులకు ఉండే రక్తనాళాల వల మనిషికీ ఉందన్నాడు. కింది దవడ రెండు ఎముకలన్నాడు. గుండె గదుల మధ్య గోడలో కంటికి కనిపించని రంధ్రాలున్నాయన్నాడు. ఈ మాటలు పదమూడు వందల ఏళ్లు చెల్లాయి.

అంతకాలం ఎలా చెల్లాయన్నది తెలియాలంటే ఆనాటి క్లాసును చూడాలి. 1315లో బొలోన్యాలో మొండీనో మనిషి దేహాన్ని బహిరంగంగా కోసి పాఠం చెప్పాడు. ఆ తర్వాత ఐరోపా విశ్వవిద్యాలయాల్లో స్థిరపడిన పద్ధతిలో ముగ్గురుంటారు. ఎత్తయిన పీఠం మీద కూర్చుని గేలెన్ సంప్రదాయపు పుస్తకం చదివేది ఆచార్యుడు. కింద కత్తి పట్టేది చదువురాని కోతగాడు. కర్రతో ఇదీ అదీ అని చూపించేది మరొకడు. చదివేవాడు చూడడు, కోసేవాడికి చదివేది అర్థం కాదు. పుస్తకం ఒకటి చెబుతుంటే బల్లమీద మరొకటి కనిపించినా, తప్పు శవానిదే అయ్యేది. పాదువాలో ఆండ్రియాస్ వెసాలియస్ చేసిన విప్లవం ఒక రకంగా చాలా చిన్నది. పీఠం దిగివచ్చి కత్తి తానే పట్టాడు. 1543లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో అచ్చువేయించిన మహాగ్రంథంలో గేలెన్ పొరపాట్లు వందల్లో దిద్దాడు. ఆ గ్రంథంలో బొమ్మలు అలంకారాలు కావు, వాదనలో భాగాలు. ఆయన కోసిన దేహాల్లో చాలామటుకు ఉరితీసిన ఖైదీలవి. ఈ వివరం ఇక్కడ గుర్తుంచుకోదగ్గది, ముందు మళ్లీ పని పడుతుంది.

ఆధునిక పద్ధతి మన దేశానికి వచ్చింది 1835లో కలకత్తా మెడికల్ కాలేజీతో. మద్రాసు వైద్యవిద్య కూడా ఆ ఏడాదే మొదలైంది. 1836లో కలకత్తాలో పండిత మధుసూదన్ గుప్త, కొందరు విద్యార్థులు తోడు రాగా, కుల కట్టుబాటును కాదని శవాన్ని కోశారు. ఫోర్ట్ విలియం నుంచి తుపాకులు పేల్చి గౌరవించారని చెప్పుకుంటారు. ఆయన మొదట సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం నేర్పినవాడు కావడం ఇందులో విశేషం. సుశ్రుతుణ్ణి చదివినవాడికి శవాన్ని తాకడం శాస్త్రవిరుద్ధంగా తోచకపోవడం సహజమే. హైదరాబాదులో 1846లో మొదలైన వైద్యపాఠశాల తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది, కొన్నేళ్లు ఉర్దూలో బోధించింది కూడా. కోస్తా తెలుగువాళ్లకు చాలాకాలం మద్రాసే దిక్కు. 1923లో విశాఖపట్నంలో ఆంధ్ర మెడికల్ కాలేజీ, 1946లో గుంటూరు కాలేజీ వచ్చాయి. మద్రాసులో చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లేముందు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో చెప్పిన పాఠం అనాటమీయే.

పాఠ్యగ్రంథాల్లో అన్నింటికంటే పేరున్న గ్రేస్ అనాటమీ లండన్‌లో 1858లో వెలువడింది. రాసిన హెన్రీ గ్రే మూడేళ్లకే మశూచితో చనిపోయాడు. బొమ్మలు గీసిన హెన్రీ వాన్‌డైక్ కార్టర్ బొంబాయి వచ్చి గ్రాంట్ మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పాడు. మదురా పాదం అనే మనదేశపు జబ్బు మీద ఆయన చేసిన పని వైద్యచరిత్రలో నిలిచింది. కార్టర్ బొమ్మల్లో చేసిన ఒక చిన్న మార్పు ఆ పుస్తకాన్ని నిలబెట్టింది. భాగాల పేర్లను పక్కన అంకెలతో కాక, ఆ భాగాల మీదనే రాశాడు. ఈనాడు తెలుగునాట విద్యార్థుల చేతుల్లో గ్రే కంటే ఎక్కువగా కనిపించేది గ్వాలియర్‌కు చెందిన బి.డి. చౌరాసియా రాసిన పుస్తకమే. హాస్టళ్లలో దాన్ని బీడీసీ అంటారు. పరీక్షకు కావలసినంత మేరకు, గీయడానికి వీలైన తేలిక బొమ్మలతో ఉండటమే దాని బలం. పెద్ద పుస్తకాలు చదవాలని ప్రొఫెసర్లు చెబుతూనే ఉంటారు.

హాలులో బల్లమీదకు రావడానికి ముందు దేహానికి ఎంబామింగ్ జరుగుతుంది. తొడ దగ్గర గానీ మెడ దగ్గర గానీ ధమని తెరిచి, ఫార్మలిన్, ఫినాల్, గ్లిజరిన్, ఆల్కహాల్ కలిపిన ద్రవాన్ని లీటర్ల కొద్దీ ఎక్కిస్తారు. ఫార్మలిన్ మాంసకృత్తులను బిగదీసి కుళ్లకుండా చేస్తుంది, గ్లిజరిన్ ఎండిపోకుండా కాస్త మెత్తదనం ఉంచుతుంది. తర్వాత దేహం తొట్టెలో మునిగి ఉంటుంది. మొదటిరోజు విద్యార్థి కళ్లు నీళ్లు కారడానికి దుఃఖమో భయమో కారణం కానక్కర లేదు, ఆ ఆవిరి చాలు. వారం రోజుల్లో ఆ వాసన ఏప్రాన్‌కు, పుస్తకానికి, తినే అన్నానికి అంటుకుంటుంది.

చాలా కాలేజీల్లో కోత మొదలయ్యేది ఛాతీ ముందుభాగంతో, చంకతో. ఇక్కడ కొంచెం ఆగి చూడటం మంచిది, పుస్తకానికీ శరీరానికీ తగువు ఏమిటో విద్యార్థికి తొలిసారి తెలిసేది ఇక్కడే కాబట్టి. అట్లాసులో చంక అందంగా ఉంటుంది. ధమని ఎరుపు, సిర నీలం, నర్వులు పసుపు. మెడలోంచి వచ్చే ఐదు నర్వు వేర్లు కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి, ధమనికి చుట్టూ చేరి చేతికి కావలసిన నర్వులన్నీ ఇస్తాయి. బ్రేకియల్ ప్లెక్సస్ అనే ఈ జడను రాత్రంతా గీసి నేర్చుకుని వచ్చిన విద్యార్థి మరునాడు చర్మం తీసి చూస్తే కనిపించేది కొవ్వు. దాని కింద మరింత కొవ్వు, మధ్యలో లింఫ్ గడ్డలు. అన్నీ ఒకే రంగు, నానబెట్టిన తోలు రంగు. ఏది నర్వో, ఏది సిరో చెప్పడానికి రంగు పనికిరాదు. వేళ్ల మధ్య దొర్లించి చూడాలి. ధమని గోడ మందంగా, బోలుగా తగులుతుంది. సిర చప్పిడిగా అణిగి, లోపల నల్లటి గడ్డకట్టిన రక్తంతో ఉంటుంది. నర్వ్ గట్టి తాడు, లోపల బోలు ఉండదు.

కొవ్వును కత్తితో కాక మొద్దు ఫోర్సెప్స్‌తో, వేలితో మెల్లగా తీస్తే తప్ప చిన్న కొమ్మలు తెగకుండా దక్కవు. గంటలు గడిచాక ధమని మీద నర్వులు ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా పరుచుకుని కనిపిస్తాయి. ఎమ్‌కు బయటి కాలు ఏదో చూసి, అది కొరాకోబ్రేకియాలిస్ కండరాన్ని పొడుచుకుని లోపలికి పోతోందని గుర్తుపట్టగలిగితే, ఆ గుర్తు నుంచి మిగతావన్నీ లెక్కపెట్టుకుంటూ రావచ్చు. పొడుచుకుని పోతుంది అనే ఈ ఒక్క మాట బట్టీ పట్టినవాడికి వాక్యం, వేలితో పట్టుకున్నవాడికి ఆనవాలు.

పక్క బల్లమీద ఆ నర్వ్ కండరాన్ని పొడవకుండా పక్కనుంచి జారిపోతుండవచ్చు కూడా. పుస్తకం చెప్పేది ఎక్కువమందిలో ఉండే అమరిక మాత్రమే. మణికట్టు దగ్గర పాల్మారిస్ లాంగస్ అనే సన్నటి కండరం వందలో పది పదిహేనుమందికి అసలు ఉండదు. బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపి మణికట్టు వంచి చూస్తే ఎవరికివారే తేల్చుకోవచ్చు. రెండు మూత్రపిండాలు కింద కలిసిపోయి గుర్రపునాడాలా ఉండటం సుమారు ఐదువందల మందిలో ఒకరికి, గుండె కాలేయాలతో సహా అన్నీ అటుదిటు కావడం సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుంది. పిత్తాశయానికి రక్తం తెచ్చే ధమని ఎన్ని రకాలుగా పుడుతుందో, పిత్తాశయం తీసే ప్రతి సర్జనుకూ అనుభవమే. వైవిధ్యాన్ని ఫుట్‌నోటులో చదవడం వేరు, రెండు బల్లల మధ్య నడిచి చూడటం వేరు. డిసెక్షన్‌ను సమర్థించేవాళ్ల చేతిలో అన్నింటికంటే బలమైన వాదన ఇదే. పుస్తకాలు పొరబడటం పాతకాలపు ముచ్చట మాత్రమే కాదు కూడా. స్త్రీల క్లిటోరిస్ నిర్మాణాన్ని పాఠ్యగ్రంథాలు ఎంత తక్కువగా, తప్పుగా చూపుతున్నాయో ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓకానెల్ దేహాలను కోసి చూపించింది 1998లోనే. వెసాలియస్‌కు నాలుగున్నర శతాబ్దాల తర్వాత!

హాలుకు ఇంకో సగం ఎముకలు. విద్యార్థి దగ్గర సొంతానికి హాఫ్ సెట్ ఉంటుంది. సీనియర్లు జూనియర్లకు అమ్ముతారు. దాని మీద కండరం పుట్టే చోటు ఎరుపుతో, అతుక్కునే చోటు నీలంతో పూసి ఉంటుంది. టేబుల్ వైవాలో మొదటి ప్రశ్న సాధారణంగా ఒకటే: ఎముకను ఒంట్లో ఉండే తీరులో పట్టుకుని అది కుడివైపుదో ఎడమవైపుదో చెప్పాలి. అక్కడ తడబడితే మిగతా వైవా కష్టంగానే సాగుతుంది. స్పాటర్స్ అనే పరీక్షలో బల్లల వరుస, ఒక్కో దానిమీద దారం కట్టిన లేదా జెండా గుచ్చిన ఒక భాగం, గంట మోగేలోగా పేరు రాయాలి. మణికట్టు ఎనిమిది ఎముకలకు, కపాలం నుంచి వచ్చే పన్నెండు నర్వులకు తరతరాలుగా ఇంగ్లీషు గుర్తుపదాలు నడుస్తున్నాయి. వాటిలో చాలావాటికి అమ్మాయిలే విషయం. మగపిల్లలు మాత్రమే చదివిన కాలపు మరక అది, ఇంకా పోలేదు.

పేర్ల సంగతికి వస్తే, పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఒక్కో భాగానికి అనేక పేర్లు పోగుపడి, మొత్తం సుమారు 50 వేలకు చేరాయి. 1895లో బాసెల్‌లో జర్మన్ అనాటమీ పండితులు కూర్చుని అయిదున్నర వేలకు తగ్గించారు. లాటిన్, గ్రీకు పేర్లలో కొన్ని పాత తప్పులు శిలాశాసనాల్లా మిగిలాయి. చనిపోయిన దేహంలో ధమనులు ఖాళీగా కనబడటంతో అవి గాలిని మోస్తాయని గ్రీకులు అనుకున్నారు. ఆర్టరీ అన్న పేరులో ఆ గాలి ఇంకా ఉంది.

తెలుగు పాఠ్యపుస్తకాల్లో జత్రుక, అంసఫలకం, రత్ని, అరత్ని వంటి పదాలున్నాయి. ఇంటర్మీడియట్ దాకా తెలుగులో చదివిన పిల్లలకు అవి తెలుసు, మెడికల్ కాలేజీలో అడుగుపెట్టాక వాటితో పని ఉండదు. మధ్యప్రదేశ్ 2022లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పుస్తకాలను హిందీలో తెచ్చింది. అలాంటి ప్రయత్నం తెలుగులో చేయాలా వద్దా అన్నది వేరే చర్చ. అంతకంటే ముందున్న ఇబ్బంది ఒకటుంది. ఇంగ్లీషులో నేర్చుకున్న శరీరం గురించి డాక్టరు రోగితో మాట్లాడవలసింది తెలుగులో. జనం మాటలో నరం అంటే నర్వ్ కావచ్చు, సిర కావచ్చు, టెండన్ కూడా కావచ్చు. నరం పట్టేసిందన్నా నరమే, సెలైన్ ఎక్కించబోయిన నర్సు నరం దొరకట్లేదన్నా నరమే. కడుపు అంటే జీర్ణాశయం, పొట్ట, గర్భం మూడూ. అదే శరీరం పైపై భాగాలకు తెలుగుకు పేర్ల కొదవ లేదు. కణత, చంక, డొక్క, పొత్తికడుపు, గజ్జ, పిక్క, చీలమండ అంటూ అనాటమీ పుస్తకం ప్రాంతాలుగా విడదీసిన దాదాపు ప్రతిచోటికీ ఊళ్లో ఒక మాట ఉంది. చూసినదానికి పేరు పెట్టుకున్నారు, చూడనిదానికి లేదు. భాష కూడా ఈ విషయంలో డిసెక్షన్ హాలు లెక్కనే పాటించింది.

ఇక ఆ దేహం ఎవరిదన్న ప్రశ్న. ఐరోపాలో ఉరికంబం నుంచి వచ్చే శవాలు చాలక, సమాధులు తవ్వి దొంగిలించే వ్యాపారం పెరిగింది. ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు తవ్వే శ్రమ కూడా లేకుండా, 1828లో పదహారుమందిని చంపి అనాటమీ బడికి అమ్మారు. బర్క్‌ను ఉరితీసి, అతణ్ణీ కోశారు. అతని అస్థిపంజరం ఆ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. 1832లో బ్రిటన్ చట్టం చేసింది. దొంగతనాలు ఆగాయి, కానీ శవాలు పేదల ఆశ్రమాల నుంచి, ఎవరూ తీసుకెళ్లని చావుల నుంచి రావడం మొదలైంది. ఆ నమూనానే 1949 నాటి బొంబాయి అనాటమీ చట్టం, 1951 నాటి మద్రాసు చట్టం తీసుకున్నాయి. ప్రభుత్వాసుపత్రిలో చనిపోయి, గడువులోగా అయినవాళ్లెవరూ రాని దేహాన్ని కాలేజీకి ఇవ్వవచ్చు. అలా వచ్చినవాళ్లలో ఎవరూ తమ దేహాన్ని ఇస్తామన్నవాళ్లు కారు, బతికుండగా ఎవరూ అడగలేదు కూడా. ఎముకలదీ అదే కథ. 1985లో కేంద్రం ఎగుమతిని నిషేధించేదాకా, ప్రపంచంలోని వైద్యకళాశాలలకు అస్థిపంజరాలు పంపడంలో మన దేశానిదే, ముఖ్యంగా కలకత్తాదే, మొదటి స్థానం.

కొత్త సాంకేతికతకు ఈ మరక అంటలేదనుకుంటే పొరపాటే. కంప్యూటరు అనాటమీకి పునాది వేసిన అమెరికా విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్టులో 1994లో విడుదలైన పురుష దేహం టెక్సాస్‌లో మరణశిక్ష పడిన ఖైదీది. దాన్ని గడ్డకట్టించి ఒక్కో మిల్లీమీటరు చొప్పున 1,800కు పైగా ముక్కలుగా చెక్కి ఫొటోలు తీశారు. ఆ దేహాన్ని వైద్యానికి ఇవ్వడానికి అతను ఒప్పుకున్నాడు. వియన్నాలో పెర్న్‌కాఫ్ అట్లాసు బొమ్మలకు వాడిన నాజీ బాధితులను ఎవరూ అడగలేదు. బొమ్మలుగా చూస్తే అంత గొప్పవి అరుదు. వాటిని వాడవచ్చా కూడదా అని సర్జన్లు ఇప్పటికీ తర్కించుకుంటున్నారు.

దేహదానం ఈ చిక్కును చాలామటుకు తీరుస్తుంది. పద్ధతి కష్టమైనది కాదు. దగ్గరి మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో ఫారం నింపి, సాక్షుల సంతకాలతో ఇవ్వాలి. చనిపోయాక కుటుంబం వెంటనే కబురు చేసి, మరణ ధ్రువపత్రంతో దేహాన్ని అప్పగించాలి. కళ్లు దానం చేసినా దేహాన్ని తీసుకుంటారు. పోస్టుమార్టం జరిగిన దేహాలను, హెచ్ఐవీ, హెపటైటిస్ వంటి జబ్బులున్నవాటిని సాధారణంగా తీసుకోరు. ఫారం నింపినవాడి మాటకంటే, ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ల మాటే చివరికి నడుస్తుంది. కర్మకాండకు దేహం కావాలన్న పట్టు దగ్గర చాలా ఫారాలు ఆగిపోతాయి. పేరున్నవాళ్లు దారి చూపినప్పుడు మాత్రం కొంత కదలిక వస్తుంది. బెంగాల్‌లో 2010లో జ్యోతిబసు, 2024లో బుద్ధదేవ్ భట్టాచార్య, అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీలో సీతారాం ఏచూరి దేహాలను కుటుంబాలు వైద్యవిద్యకు ఇచ్చాయి. తెలుగువాడైన ఏచూరి దేహం ఢిల్లీ ఎయిమ్స్‌కు చేరింది. థాయ్‌లాండ్‌లో హాలులోని దేహాన్ని మహోపాధ్యాయుడని పిలుస్తారు. తైవాన్‌లో త్సూచీ విశ్వవిద్యాలయం విద్యార్థులు కోతకు ముందే దాత ఇంటికి వెళ్లి, ఆ మనిషి ఎలా బతికాడో కుటుంబాన్ని అడిగి తెలుసుకుంటారు. మన కొత్త పాఠ్యప్రణాళికలో కూడా దేహమే తొలి గురువు అన్న పేరుతో ఒక భాగం చేరింది. మొదటిరోజు ప్రమాణం చేయిస్తున్నారు. ప్రమాణం మంచిదే. హాలులో ఆ దేహం పేరు ఎవరికీ తెలియదన్న సంగతి మాత్రం దానివల్ల మారలేదు.

దేహాలు తక్కువ, విద్యార్థులు ఎక్కువ కావడంతో ప్రత్యామ్నాయాల వెదుకులాట ఎప్పుడో మొదలైంది. ఫార్మలిన్ భయం దానికి తోడైంది. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి జాబితాలో చేర్చింది. ఆస్ట్రియాలో వాల్టర్ థీల్ 1992లో ప్రకటించిన ఎంబామింగ్ పద్ధతిలో ఫార్మలిన్ చాలా తక్కువ. దేహం రంగు, మెత్తదనం, కీళ్ల కదలిక దాదాపు అలాగే నిలుస్తాయి, ఖర్చు మాత్రం ఎక్కువ. గుంథర్ ఫాన్ హాగెన్స్ 1977లో హైడెల్‌బర్గ్‌లో కనిపెట్టిన ప్లాస్టినేషన్‌లో నీటినీ కొవ్వునూ అసిటోన్‌తో తీసి, ఖాళీ అయిన చోట సిలికాన్ నింపుతారు. వాసన లేదు, చేత్తో పట్టుకోవచ్చు, ఏళ్ల తరబడి ఉంటుంది. అయితే అది వేరొకరు కోసి పెట్టినది. బల్లంత తెర మీద వేలితో పొరలు తీసే త్రీడీ యంత్రాలు ప్రైవేటు కాలేజీల్లో ముందుగా కనిపిస్తున్నాయి, వచ్చినవాళ్లకు చూపించడానికి బాగుంటాయి కూడా. బ్రిటన్‌లో 2002లో తెరిచిన పెనిన్సులా మెడికల్ స్కూల్ డిసెక్షన్ లేకుండానే అనాటమీ చెప్పింది. కోవిడ్ కాలంలో చాలా దేశాలు కొంతకాలం ఆ దారే పట్టాయి.

ఏ పద్ధతి మేలన్న దాని మీద 2018లో వెలువడిన ఒక మెటా అనాలిసిస్, విద్యార్థుల పరీక్ష మార్కుల్లో డిసెక్షన్‌కూ ఇతర పద్ధతులకూ తేడా లేదని తేల్చింది. డిసెక్షన్ అనవసరమనేవాళ్లు దీన్ని ఎత్తిచూపుతారు. అయితే అక్కడ కొలిచింది స్వల్పకాలంలో గుర్తున్న సమాచారాన్ని. పుస్తకం నుంచి వచ్చే ప్రశ్నలకు పుస్తకం చదివినవాడూ, కోసినవాడూ సమానంగా జవాబు చెప్పడంలో ఆశ్చర్యం లేదు. చేతికి తగిలే తేడా, అనుకున్నచోట అనుకున్నది లేనప్పుడు ఏం చేయాలన్న అలవాటు ఆ పరీక్షలో ప్రశ్నలుగా రావు.

డిసెక్షన్ ఉన్నచోట కూడా నిజంగా ఎంతమంది కోస్తున్నారన్నది ఇంకా పదునైన ప్రశ్న. 1997కు ముందు ఎంబీబీఎస్ మొదటి భాగం ఏడాదిన్నర ఉండేది, తర్వాత ఏడాదికి కుదించారు. ఎండీ అనాటమీ సీట్లకు ఆదరణ తక్కువ, ప్రాక్టీసు లేని సబ్జెక్టు కాబట్టి. హాలులో ఒక బల్ల చుట్టూ ఇరవైమంది నిలబడితే, కత్తి ఇద్దరి చేతుల్లో ఉంటుంది. ఒకరు పక్కన నిలబడి కన్నింగ్‌హామ్ మాన్యువల్ పైకి చదువుతుంటారు. ముందు వరుసలో నలుగురికి కనిపిస్తుంది, వెనక ఉన్నవాళ్లు భుజాల మధ్యనుంచి తొంగిచూసి, సాయంత్రం యూట్యూబులో అదే ప్రాంతాన్ని చూసుకుంటారు. ఒకరు చదివి, ఒకరు కోసి, మిగతావాళ్లు చూసే ఈ ఏర్పాటు మొండీనో తర్వాతి క్లాసుకు ఎంత దగ్గరో! వెసాలియస్ పీఠం దిగి ఐదు వందల ఏళ్లు కావస్తున్నా, పీఠం మళ్లీ పుస్తకానికే దక్కింది. పాడైపోయే దేహం ఒక్కటే ఉంటే, ప్రతి బృందానికీ అనుభవమున్న టీచరు ముందుగానే విడదీసి పెట్టిన నమూనాలను చేతికివ్వడం, ఒక్కో విద్యార్థికి ఒక్క ప్రాంతమైనా పూర్తిగా సొంతంగా కోసే అవకాశం ఇవ్వడం ఇంతకంటే మేలు. అందరూ అన్నీ చూడాలన్న పట్టుదలలో ఎవరూ ఏదీ ముట్టుకోకుండా పోతున్నారు.

నేర్చుకున్నది నిలవడం కూడా ఆ చేయి మీదే ఆధారపడింది. రెండో ఏడాది ముగిసేసరికి ఎముకల మీది గుంటల పేర్లు చాలామటుకు మాసిపోతాయి. అవి మళ్లీ అవసరమయ్యేది ఎముకల డాక్టర్లకో, రేడియాలజిస్టులకో, అప్పుడు వాళ్లు వాటిని కొత్తగా నేర్చుకుంటారు. సర్జరీ, ఈఎన్‌టీ, ఆర్థోపెడిక్స్ పీజీలు దేహాలపై శిక్షణకు కెడావరిక్ వర్క్‌షాపులకు వెళుతున్నారు. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో తోసుకుంటూ చూసిన చంకను ఈసారి ఇద్దరికో ముగ్గురికో ఒక దేహం చొప్పున, ఏ కోత ఎక్కడ పెట్టాలో తెలిసి, రోజంతా కోస్తారు. హాలులో ఏడాది పని ముగిశాక మిగిలిన భాగాలను మూటగట్టి దహనానికి పంపుతారు. ఎముకలు కొన్ని మ్యూజియంలో అద్దాల వెనక్కి చేరతాయి.